ఎడమ పక్క ఖాళీ జాగా

లేదన్నా, ఫొటోలో ఎడమ పక్క జాగాను కోయనివ్వలేదు. నువ్వు పోయి ఇవాళ్టికి ఏడాది. నీ నంబరు పనిచేయదని తెలిసినా మెసేజ్ కొడుతున్నాను.

నీ కెమెరాతో నేను తీసిన దుప్పుల మంద ఫొటోను ఫారెస్టు రేంజర్ సారు ఆఫీసు గోడకు పెడతానన్నాడు. పెద్దగా కడిగిద్దామని ములకలపల్లి స్టూడియోకు తీసుకెళ్లాను.

"అన్నీ ఒక్కసారే తలలెత్తినయి! గిట్లెట్ల దొరికింది రా? కానీ గీ ఎడమ పక్క ఏం లేదు, కోసేద్దాం," అన్నాడు స్టూడియో ఆయన.

"వద్దు సార్. అవి అటే చూస్తున్నయి. అటు మా అన్న ఉన్నడు," అన్నాను మెల్లగా.

"ఏడున్నడు? నాకు కనబడ్తలేడు," అని నవ్వబోయి, నా ముఖం చూసి, ఫొటోను కోయకుండానే ప్రింటుకు పెట్టాడు.

ఆ పొద్దున నీళ్ల గుంట దగ్గర, నాకు ఎడమ పక్క చెట్టు చాటున నువ్వు దగ్గినందుకే అవి తలలెత్తాయి. ఈ ఒక్క ఫొటో తీశానో లేదో మంద మొత్తం పరుగెత్తింది.

"నీ దగ్గుతోటి అంతా ఖరాబు చేసినవ్," అని కసిరాను.

నువ్వు నవ్వి, తువ్వాలు నోటికి అడ్డం పెట్టుకున్నావు. ఆ తర్వాత ఇంట్లో కూడా నా ముందు దగ్గలేదు.

దవాఖానాలో డాక్టరు, "ఇన్ని రోజులు ఎందుకు చెప్పలే?" అని అడిగితే నువ్వు నా వైపు చూశావు. నా మాటకేనా అన్నా, దాచుకున్నావు?