పదకొండు మైళ్ళు, ఒక గంట

బిర్సానగర్, జంషెడ్‌పూర్
8 నవంబరు 1981

పూజ్యులైన పోలరాజు మావయ్యకి,

నీ మేనల్లుడూ, నీ అల్లుడూ కూడా అయిన ఆదిబాబు నమస్కరించి రాసేది. నేనూ, నీ కూతురు నూకమ్మా కులాసా. నా ఎడమ పిక్క ఒక్కటే కులాసాగా లేదు.

జనవరి పదిహేడున మా మిల్లుల వాళ్ళకి ఇరవై కిలోమీటర్ల పరుగు పందెం. నీ లెక్కలో పన్నెండున్నర మైళ్ళు. కిందటేడు పదిహేడో కిలోమీటరు దగ్గర పిక్క పట్టేసి కూలబడ్డాను. రిక్షాలో ఇంటికొచ్చాను. ప్రైజు అక్కర్లేదు గానీ ఈసారైనా చివరిదాకా వెళ్ళాలి. డ్యూటీ దిగగానే రోజూ పరిగెడుతున్నాను. ఒక్కరోజు మానితే అప్పటిదాకా చేసిందంతా గంగలో కలుస్తుందేమోనని భయం.

నూకమ్మ మాత్రం, "మళ్ళీ రిచ్చాలో వత్తే ఆ జోళ్ళు పాతసామాన్లోడికి ఏసేత్తాను" అంటోంది. అన్నంత పనీ చేస్తుందని నీకు తెలుసు. నిన్నే అడగమంది. ఇరవై ఆరేళ్ళు తపాలా రన్నరుగా కొండమీది గూడేనికి ఉత్తరాల సంచి మోసినవాడివి. ఎలా పరిగెత్తావో, ఎప్పుడు ఆగావో కాస్త రాయి.

ఇట్లు,
నీ ఆదిబాబు

తా.క.: ఒక కాలు కుంటితే ఫోర్‌మన్ కనిపెడతాడని రెండు కాళ్ళూ సమానంగా కుంటుతున్నాను.

బొంతుపేట
17 నవంబరు

చిరంజీవి ఆదిబాబుని పోలరాజు దీవించి రాయునది.

నీ ఉత్తరం మీ అత్త తవిటమ్మకి చదివి వినిపించాను. పిక్కకి నువ్వులనూనె రాయమంది.

రోజూ పరిగెత్తడం పరుగు కాదు, పిచ్చి. ఎద్దుకైనా కాడి దించుతాం కదా. ఒకరోజు పరుగు, ఒకరోజు మంచం. మంచం రోజున కాళ్ళ కింద బొంత మడిచి పెట్టుకుని మూడు గంటలు పడుకో.

నా సంగతి అడిగావు. పొద్దున ఏడింటికి పోస్టాఫీసులో సంచి భుజానేసుకుంటే ఎనిమిదింటికల్లా గుమ్మగూడెంలో ఉండేవాణ్ణి. పదకొండు మైళ్ళు, అంతా ఘాటీ ఎక్కుడు. అక్కడ మధ్యాహ్నం దాకా నిద్ర. లేచి, అంబలి తాగి, మళ్ళీ దిగడం. ఇరవై ఆరేళ్ళలో ఒక్క ఉత్తరమూ ఆలస్యం కాలేదు. విశ్రాంతి మహిమ అది.

నీ క్షేమం కోరే
మావయ్య

తా.క.: నా మోకాలు కరిచిన ఎలుగుబంటి వెంటపడ్డ రోజున ఇంకా ముందే చేరాను.

బిర్సానగర్
29 నవంబరు

మావయ్యకి నమస్కారాలు.

నువ్వు చెప్పినట్టే మంచం ఎక్కాను. మొదటి రోజే పక్కింటి సరస్వతమ్మ గారు తలుపులోంచి చూసి, మిల్లులో నా కాళ్ళు పోయాయనుకుంది. సాయంత్రానికి వీధి వీధంతా అరటిపళ్ళు పట్టుకుని వచ్చింది. మా పరుగుల క్లబ్బు సెక్రటరీ బలరామ్ కూడా వచ్చాడు. నాకేమీ కాలేదని చెప్పి నీ ఉత్తరం హిందీలో వినిపించాను. అతను పెన్సిల్ తీసి లెక్క కట్టాడు. పదకొండు మైళ్ళు, కొండ ఎక్కుడు, భుజాన సంచి, ఒక గంట. మళ్ళీ ఒకసారి కట్టి, "యే ఆద్మీ హై యా ఇంజన్?" అన్నాడు, నువ్వు మనిషివా ఇంజనువా అని. క్లబ్బు బోర్డు మీద అందరికన్నా పైన నీ పేరు రాశాడు.

నాకు సిగ్గేసింది మావయ్యా. చదును రోడ్డు మీద, చేతులూపుకుంటూ వెళ్ళినా అదే దూరానికి నాకు గంటా యాభై నిమిషాలు పడుతోంది. నీ అంత వేగం ఉన్నవాడికి మంచం న్యాయం. నాలాంటివాడికి దేనికి? అందుకే మంచం రోజున కూడా పరిగెడుతున్నాను. నీలాగే భుజాన సంచితో. అయిదు కిలోల బియ్యం వేసుకున్నాను.

ఇట్లు,
ఆదిబాబు

తా.క.: ఈ సంగతి నూకమ్మకి తెలియదు. అత్తెసరు పెడదామని బియ్యం కోసం వెతుకుతోంది.

బొంతుపేట
8 డిసెంబరు

చిరంజీవి ఆదిబాబుకి ఆశీస్సులు.

ముందు ఆ బియ్యం డబ్బాలో పోసెయ్యి.

గంట అని ఉజ్జాయింపుగా రాశాను. మా పోస్టాఫీసు గడియారం కాస్త ముందు నడిచేది. గుమ్మగూడెంలో అసలు గడియారమే లేదు, ఎండని బట్టి చూసుకునేవాళ్ళం. ఘాటీ కూడా మరీ అంత ఎక్కుడు కాదు. ఆ పదకొండు మైళ్ళూ పాతకాలం మైళ్ళు. కాబట్టి మంచం మానకు. ఇది మావయ్యగా కాదు, నూకమ్మ తండ్రిగా చెబుతున్నాను.

ఇట్లు,
పోలరాజు

తా.క.: బోర్డు మీద రాసింది సుద్దతో అయితే తడిగుడ్డ పెడితే పోతుంది.

బిర్సానగర్
20 డిసెంబరు

మహానుభావుడైన మావయ్యకి,

నీ వినయానికి క్లబ్బులో అందరూ చేతులు జోడించారు. గొప్పవాళ్ళు ఇలాగే తగ్గించి చెప్పుకుంటారని బలరామ్ అన్నాడు. బోర్డు మీద రాసింది సుద్దతో కాదు, పెయింటుతో. మార్చిలో ప్రైజులు ఇచ్చే రోజున నిన్ను ముఖ్య అతిథిగా పిలవాలని తీర్మానించారు. శాలువా కప్పాక మైదానం చుట్టూ ఒక్క రౌండు పరిగెత్తి చూపిస్తే చాలట.

ఇక నా సంగతి. పిక్క వాచిపోయింది. పది రోజులు ఆపకపోతే ఇక ఎప్పటికీ పరిగెత్తలేవని డాక్టరు అన్నాడు. ఇరవై ఆరేళ్ళు మానని మనిషి అల్లుణ్ణి, పది రోజులు ఎలా మానను? రేపు కూడా వెళ్తున్నాను. నూకమ్మ నాతో మాట్లాడటం మానేసింది.

ఇట్లు,
నీ అడుగుజాడల్లో
ఆదిబాబు

తా.క.: నాతోనే మాట్లాడటం లేదు. పాతసామాన్లవాడితో రెండుసార్లు మాట్లాడింది.

బొంతుపేట
27 డిసెంబరు

ఆదిబాబూ,

కూర్చుని చదువు.

నేను పరిగెత్తలేదు. మొదటి నాలుగు నెలలే పరిగెత్తాను. ఒక్కరోజు ఆగితే ఉద్యోగం పోతుందని నాకూ నీలాంటి భయమే. మోకాలు వాచినా ఎవరికీ చెప్పలేదు. ఒకనాడు ఘాటీ మలుపులో సంచి పక్కన కూలబడి ఏడుస్తుంటే కలప లారీ డ్రైవరు వరహాలు బండి ఆపి, "ఏటి మావా, తపాలా కింద పడిపోనాదేటి?" అని ఎక్కించుకున్నాడు. ఆ తరవాత రిటైరయ్యేదాకా ఆ లారీలోనే వెళ్ళాను. పైన దుంగలు ఎక్కించేదాకా నిద్రపోయేవాణ్ణి.

నా కుడి మోకాలు ఇప్పటికీ సరిగ్గా వంగదు. అది ఎలుగుబంటి పని కాదు, విశ్రాంతి లేకుండా పరిగెత్తిన ఆ నాలుగు నెలల పని.

నిన్ను ఎత్తుకుని పెంచాను. నీ ముందు అబద్ధాలకోరుగా నిలబడటం చాలా కష్టంగా ఉంది. కానీ నా గొప్పలు నమ్మి నీ కాలు పోతే నేను తట్టుకోలేను. ఈ ఉత్తరం అందిన రోజు నుంచి పది రోజులు మంచం దిగకు.

ఇట్లు,
నీ మావయ్య

తా.క.: నూకమ్మకి ఇది చూపించకు. తండ్రి పెద్ద రన్నరని అది ఊరంతా చెప్పుకుని తిరిగిన పిల్ల.

బిర్సానగర్
18 జనవరి 1982

ప్రియమైన మావయ్యా,

పది రోజులూ పడుకున్నాను. తరవాత రోజు విడిచి రోజు నెమ్మదిగా కదిలాను. నిన్న నూట పన్నెండు మందిలో తొంభై ఏడోవాడిగా చివరి గీత దాటాను. ఇంటికి నడిచే వచ్చాను. నన్ను రోడ్డు మీద చూసి నూకమ్మ ఏడ్చింది, నేనూ ఏడ్చాను.

నీ ఉత్తరం ఎంత దాచినా రెండో రోజుకే దానికి దొరికింది. చదివి పొట్ట పట్టుకుని నవ్వింది. "లారీ సంగతి నాకు తెల్దేటి? సిన్నప్పుడు అయ్య ఒళ్ళో కూకుని ఎన్నిసార్లు ఎల్లలేదు నాను? నిన్ను అయ్యకి రాయమన్నాది పరుగు నేర్సుకోమని కాదు, తొంగోడం నేర్సుకోమని" అంది.

నీ మీద గౌరవం తగ్గిందేమో అనుకోకు. ఇదివరకు నువ్వంటే కాస్త భయం ఉండేది, అది పోయింది. ఇష్టం మాత్రం పెరిగింది.

ఇట్లు,
నీ ఆదిబాబు

తా.క.: బలరామ్‌కి అంతా చెప్పేశాను. ముఖ్య అతిథివి నువ్వేనట, అందులో మార్పు లేదన్నాడు. పరుగు నేర్పేవాళ్ళు క్లబ్బులో డజనుమంది ఉన్నారు, పడుకోవడం నేర్పే మనిషే లేడట. శాలువా కప్పాక వేదిక మీద నులకమంచం వేయిస్తాడట. ఒక్క గంట నిద్రపోయి చూపిస్తే చాలట.