యాభై ఏడో నంబరుకు ఒక ఓటు

ఇల్లినాయ్,
30 నవంబర్ 2025, ఆదివారం.

గౌరవనీయులైన షాలేం రాజు అంకుల్‌కి,

వందనాలు. జ్ఞానమ్మ ఆంటీకి కూడా నా వందనాలు చెప్పండి. ఆవిడ కట్టిచ్చిన చేపల పులుసు నిన్నటితో అయిపోయింది. మంచు వల్ల ఈరోజు చర్చికి రాలేకపోయాను. నా కోసం సీటు ఆపి ఉంటే క్షమించమనండి.

ఇప్పుడే ఎందుకు రాస్తున్నానో ముందే చెప్పేస్తాను. ప్రెయిరీ లాంతర్ అవార్డుకి మీ ఓటు ఈ శుక్రవారంలోగా పంపాలి. చిన్న కాలేజీల అమెరికన్ ఫుట్‌బాల్ ఆటగాళ్లలో ఏడాదికి ఒక్కరికే ఇచ్చే అవార్డు అది. ఓట్లు ముప్పై ఒకటి, అందులో ఒకటి మీది. గురువారం థాంక్స్‌గివింగ్ భోజనాల దగ్గర దాని గురించి మీతో వాదించి ఓడిపోయాను. పద్దెనిమిదేళ్లుగా వారపత్రికలో ఫుట్‌బాల్ కాలమ్ రాస్తున్న మనిషిని ఎదురుగా కూర్చుని గెలవడం నా వల్ల కాదు. తెలుగులో రాసిస్తే చివరిదాకా చదువుతానన్నారు కదా, అందుకని ఈ ఉత్తరం.

మీ అభ్యర్థి వేరే కాలేజీలో బంతి విసిరే క్వార్టర్‌బ్యాక్ ట్రెంట్ మెక్‌రే. ముప్పై ఎనిమిది టచ్‌డౌన్లు, కాదనను. నేను మా కాలేజీ సెంటర్, యాభై ఏడో నంబరు ఆమోస్ విట్‌కాంబ్ పేరెత్తగానే మీరు చెంచా కింద పెట్టి, విసరనివాడికి, పట్టుకోనివాడికి, బంతితో పరిగెత్తనివాడికి అవార్డిస్తే జనం నవ్విపోతారే పిచ్చిదానా అన్నారు. ఆంటీ వంటింట్లోంచి, ముందు ఆ పిల్లని తిననివ్వండి, మీ ఓటు ఎక్కడికీ పారిపోదు అని కేకేశారు. నా జవాబు తిరుగు బస్సులో తోచింది. అంకుల్, ఆట ఆగి మళ్లీ మొదలయ్యే ప్రతి ప్లేలోనూ బంతిని అందరికన్నా ముందు ముట్టుకునేది సెంటరే. వంగి, రెండు కాళ్ల మధ్య నుంచి వెనకున్న క్వార్టర్‌బ్యాక్‌కి అందిస్తాడు. ఆ మరుక్షణమే తల ఎత్తి, మీద పడబోతున్న నూట ముప్పై కిలోల మనిషిని ఆపాలి. మనం అప్పటికే బంతి వెంట చూపు తిప్పేసి ఉంటాం.

నేనూ అంతే చూసేదాన్ని. కిందటేడు మీరు, నీకు స్టాటిస్టిక్స్ వచ్చు, నాకు కబుర్లు వచ్చు, ఇద్దరం కలిస్తే ఒక కాలమ్ అవుతుందమ్మా అని నాకు గేమ్ వీడియోలు అప్పగించారు. ఎవరు ఎవర్ని ఆపారో, ఎవరు తప్పిపోయారో ప్లే ప్లేకీ చార్ట్ రాయడం నా పని. దానికోసం బంతిని చూడకుండా ఉండటం నేర్చుకోవలసి వచ్చింది. అప్పుడు కనబడ్డాడు ఆమోస్. బంతి అందించే ముందు వేలెత్తి చూపిస్తాడు, నువ్వు అతన్ని పట్టుకో, నేను ఇతన్ని చూసుకుంటా అన్నట్టు. అరుపుల్లో మాట వినబడకపోతే పక్కవాడి తొడ మీద తడతాడు. సెప్టెంబర్‌లో కుడి చేతి బొటనవేలు విరిగింది. వారం తిరిగేసరికి ఎడమ చేత్తో అందిస్తున్నాడు. ఆ చేత్తో నాలుగు గేములు ఆడితే ఒక్క బంతీ జారలేదు. ఇది మీ స్కోర్‌బోర్డ్ మీద ఎక్కడుందో చెప్పండి.

మా అమ్మ సంగతి మీకు తెలుసు. కాకినాడ దగ్గర రొయ్యల కంపెనీలో ఐస్ నీళ్లలో చేతులు పెట్టి పదిహేడేళ్లు రొయ్యలు వలిచింది. ప్యాకెట్ మీద కంపెనీ పేరుంటుంది, దేశం పేరుంటుంది. ఇది చెబితే మీరు, ఏమే ఎలీనా, మీ అమ్మని కూడా ఫుట్‌బాల్‌లోకి దింపుతావా అని నవ్వారు. నేనూ నవ్వాను. కానీ నేను ఆమోస్ వైపు మొగ్గడంలో అదీ ఉంది. మీ దగ్గర దాచి లాభం లేదు.

చివరికి మీరు ఒక మెట్టు దిగారు. ఆమోస్ మీద నుంచి సీజన్ మొత్తంలో ఒక్కడూ క్వార్టర్‌బ్యాక్ దాకా రాలేదని నీ చార్ట్ చెబుతోంది కదా, ఆ సున్నా ఒక్కటే నన్ను ఆలోచింపజేస్తోంది, దాన్ని చూసి ఓటేసినా వేస్తాను అన్నారు. ఆంటీ చప్పట్లు కొట్టారు. నేను తల వంచుకుని తింటూ కూర్చున్నాను, మీరు గమనించారో లేదో.

అంకుల్, దయచేసి ఆ సున్నాని పక్కన పెట్టండి. దాన్ని చూసి ఓటు వేయొద్దు. ఆ వేలు చూపించడాన్ని, ఆ ఎడమ చేతిని చూసి వేయండి. ఈ రాత్రి ఏ గేమ్ వీడియో అయినా తీసి పది ప్లేలు బంతిని వదిలేసి చూడండి. తర్వాత కూడా ట్రెంటే అనిపిస్తే ట్రెంట్‌కే వేయండి, నేను మళ్లీ నోరెత్తను.

మీ ప్రార్థనల్లో నన్ను తలుచుకోండి.

మీ
ఎలీనా

తా.క. సంతకం పెట్టాక పైదంతా మళ్లీ చదివాను. సున్నాని పక్కన పెట్టమన్నాను గాని ఎందుకో రాయలేదు. అది సున్నా కాదు, ఒకటి.

అక్టోబర్ 18 గేమ్, మూడో క్వార్టర్. ఆమోస్ ఒక అడుగు తప్పు వైపు వేశాడు, అతను ఆపాల్సిన మనిషి దాటుకుపోయి మా క్వార్టర్‌బ్యాక్‌ని పడగొట్టాడు. పక్కనే ఉన్న అరవై నాలుగో నంబరు ల్యూక్ బ్రాండ్ట్ తప్పని రాశాను. మొదటిసారి నిజంగా అలాగే కనబడింది. నాలుగు రోజుల తర్వాత వెనక కెమెరా వీడియో వచ్చింది, అందులో స్పష్టంగా ఉంది. అప్పటికి మీరు నా చార్ట్ నమ్మి, ఆ అడ్డుకునేవాళ్ల లైన్‌లో కన్నం ల్యూకే అని కాలమ్‌లో అచ్చు వేశారు. దిద్దాలంటే సున్నా పోతుంది. ఊరుకున్నాను.

ల్యూక్ నేను పాఠం చెప్పే స్టాటిస్టిక్స్ ల్యాబ్‌లో విద్యార్థి. మొన్న మంగళవారం క్లాసయ్యాక ఫోన్‌లో మీ కాలమ్ చూపించి, ఇవి ఎవరు లెక్కపెడతారు, మా అమ్మ ప్రింట్ తీసి పంపింది, అది ఆమోస్ తప్పు, మర్నాడే అతను కోచ్ ముందు అందరికీ చెప్పాడు కూడా అన్నాడు. కోపంగా అనలేదు, తెలుసుకుందామని అడిగాడు. నాకు తెలియదన్నాను.

మా ఇంట్లో బడికి వెళ్లిన మొదటిదాన్ని నేనే. కాగితం మీద ఉన్నది ఏదైనా నేను చదివి చెబితే అమ్మ ఇంకొకర్ని అడగదు. మీరూ అడగలేదు.

గురువారం కాలమ్‌లో నా పేరుతోనే ఈ దిద్దుబాటు వేయండి. దానివల్ల ఆమోస్‌కి మీ ఓటు పోతే పోనివ్వండి. ఇక మీదట చార్టులు నన్ను రాయమంటారో లేదో అది కూడా మీ ఇష్టం. వేస్తారో లేదో మాత్రం డిసెంబర్ 2, మంగళవారం సాయంత్రంలోగా రాయండి. బుధవారం పొద్దున్న తొమ్మిదికి ల్యూక్‌కి నా క్లాసుంది, అచ్చులో చూసేలోపు అతనికి నేనే చెప్పాలి.