సయాం పిల్ల సిగ

తామ్వే, రంగూన్. 1927, ఆదివారం రాత్రి.

కోపం తగ్గాక రాద్దామనుకున్నాను. తగ్గేలా నేదు.

పక్కింటి సయాం ఆవిడ కూతురికి పదేళ్లు. వాళ్లలో పిల్లలకి నడినెత్తిన సిగ ఉంచి చుట్టూ గొరిగిస్తారు. ఆ సిగ మాత్రం మంచిరోజు చూసి, సన్యాసుల్ని పిలిచి, ఇంటి పెద్దే తీయాలి. వచ్చే నెల తాత అందుకే సయాం నుంచి వస్తన్నాడు. మూడేళ్లుగా ఆ సిగకి తగలకుండా నా కత్తి తిప్పుతున్నాను.

ఇవాళ నేను బజారుకెళ్లినప్పుడు పిల్ల గొరిగించుకోడానికొస్తే, మా మంగలి షాపులో ఉన్న బావమరిది అప్పన్న ఆ సిగని మొదలంటా కోసేశాడు.

"ఏట్రా ఇది?"

"పేలున్నాయి బావా. మన పిల్లలకి గుండు కొట్టమా? జుట్టే కదా, మొలుస్తాది."

"నీకు బుర్ర మొలుస్తాదేమోనని ఇరవయ్యేళ్లుగా సూస్తన్నాను!"

నవ్వాడు వెధవ. చెయ్యెత్తాను గానీ పిల్ల చూస్తోందని దించాను.

తల్లి వచ్చింది. తిట్టినా బాగుండేది. నేలమీద కూచుని, ఊరందరి జుట్టులోంచి కూతురి జుట్టు ఏరి గుడ్డలో పెట్టుకుంటంది.

"తాతొచ్చి ఏటి కోస్తాడు, మామా?" అని పిల్ల నన్నే అడిగింది.

ముప్పయ్యేళ్లుగా జుట్టు తుడిచి పారేసినవాణ్ణి. చీపురు పక్కన పెట్టి నేనూ ఏరాను. ఇంకా రెండు వెంట్రుకలు నా చొక్కాకి ఉన్నాయి. దులపడానికి చెయ్యి రావట్లేదు...