చప్పుడు చేయని దిండు

అత్తయ్యా,

పార్సిల్ విప్పే ముందు ఈ ఉత్తరం చదవండి.

మీరు దిండు లేకుండా పడుకుంటున్నారని, మెడ పట్టేసి తల తిప్పలేకపోతున్నారని మీ పక్కింటి మిజునో గారు చెప్పారు. పాప చిహారు పోయినప్పటి నుంచీ మీ అబ్బాయి ఫోన్ చేసినా మీరు ఎత్తడం లేదు. అందుకే రాస్తున్నాను.

సోబా గింజల పిండి పాపకు పడదని, ఉడికే ఆవిరి తగిలినా ప్రమాదమని డాక్టరు చెప్పిన రోజే మీరు ఇంట్లోని సోబా సేమ్యాలన్నీ ఊళ్ళో పంచేశారు. గిన్నెలు కూడా మార్చేశారు. ఏడాది చివరి రోజున ఆనవాయితీగా అందరూ సోబా సేమ్యాలు తింటుంటే, "నా మనవరాలికి లేనిది నాకెందుకు? అన్నం తింటే కొత్త సంవత్సరం రానంటుందా?" అని మిజునో గారిని దెప్పారట.

దిండు సంగతి మాత్రం ఎవరికీ తట్టలేదు. తల కదిపితే గలగలమనే సోబా గింజల పొట్టు నింపిన దిండు మీదే మీరు, మీ అబ్బాయి, నేను, అందరం పెరిగాం. దిండును తిండి అని ఎవరనుకుంటారు? "నాన్నమ్మా, ఇందులో వాన పడుతోంది" అని నవ్వుతూ ఆ మధ్యాహ్నం చిహారు మీ దిండు మీద నిద్రపోయింది. లేచేసరికి ఊపిరి అందలేదు.

నాకు కోపం లేదని అబద్ధం చెప్పను. ఎవరి మీదో తెలియడం లేదు. మీ మీద మాత్రం కాదు.

పాప పోయిన నలభై తొమ్మిదో రోజున చేసే పూజకు రండి. అంతవరకూ ఈ దిండు మీద పడుకోండి. పాప వేసవి కిమోనోకు తెచ్చిన గుడ్డతో నేనే కుట్టాను. నొక్కి చూడండి, చప్పుడు రాదు. లోపల పత్తి తప్ప ఏమీ లేదు.

మీ కోడలు