లెక్కకు రాని తొలిచూలు

అక్టోబరు 6, ఆదివారం

నా రాత కోడి గీకినట్టుంటుంది. ఒత్తులు సరిగా పడవు. ఆరో తరగతిలో బడి మానిపించారు, ఆ తప్పు నా ఒక్కదానిదే కాదు. దీన్ని ఎవరూ చదవరు. అయినా మన్నించండి.

నాకు ఐదో నెల. సీమంతం చేస్తామని అత్త హనుమంతమ్మ వీధంతా చెప్పేసింది. మా వైపు సీమంతం తొలిచూలుకే చేస్తారు. నాకిది తొలిచూలు కాదు. పోయినేడు కోడుమూరులో, నా పుట్టింట్లో ఆడపిల్ల పుట్టింది. బీపీ పెరిగి నాకు ఫిట్స్ వచ్చాయి, ఎనిమిదో నెలలోనే కాన్పయింది. పాప మూడు రోజులు బతికింది.

పేరు పెట్టకముందే పోయిన బిడ్డను ఇక్కడ లెక్కలో వేయరు. "పేరే పెట్టకపోతిమి, అదేం లెక్క అమ్మీ? ఇదే తొలిచూలు. నోరు మూసుకోనుండు" అంది అత్త.

మూసుకున్నాను. నాకు బాగా వచ్చిన పని అదొక్కటే.

అక్టోబరు 20

సీమంతం అయింది. చేతుల నిండా పచ్చగాజులు. తుగ్గలి నుంచి వచ్చిన చిన్నత్త పార్వతమ్మ, "తొలిచూలు మొగపిల్లోడే కావల్ల, సూడు మల్ల" అని గట్టిగా అంది. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఆ నవ్వు తలుచుకుంటే నా మీద నాకే అసహ్యం.

మా ఆయన ఉరుకుందు ఫోటో తీసి స్టేటస్ పెట్టాడు. ఫస్ట్ బేబీ అని. పాపను గుడ్డలో చుట్టి ఎత్తుకుపోయింది ఈయనే.

నవంబరు 4

పత్తి తీస్తున్నాము. నడుము లాగుతోంది, కాసేపు కూర్చుంటానన్నాను. "ఏమ్మీ, ఇదేమన్నా మొదటిదా? రెండో కాన్పు. పని జేస్తేనే తేలిగ్గా అయితాది" అంది అత్త.

సాయంత్రం పుట్టింటికి పంపమని అడిగాను. తొలిచూలుకైతే పుట్టిల్లు, మలిచూలుకు అత్తగారిల్లేనట.

సీమంతం పీట మీద మొదటిది. చేలో రెండోది. ఉన్నది ఒకే కడుపు.

పక్క సాలులో పత్తి తీసే రాణి అంతా విని, "మీయత్త నాలిక ఆదోని పత్తి రేటు మాదిరి. పొద్దునొకటి, మాపునొకటి" అంది. ఈసారి నిజంగా నవ్వొచ్చింది.

నవంబరు 22

కాళ్లు వాచాయి. మెట్టెలు ఊడి రావడం లేదు.

డిసెంబరు 9

ఎమ్మిగనూరు ఆసుపత్రి. సిస్టర్ ప్రేమలత కార్డు రాస్తూ మొదటి కాన్పా అని నన్నే అడిగింది. నేను నోరు తెరిచేలోగా అత్త, "అవును తల్లీ, తొలిచూలే" అంది. బీపీ కొంచెం ఎక్కువుంది, ఉప్పు తగ్గించి వారానికి రమ్మన్నారు.

వరండాలో అత్తను అడిగాను, ఎందుకట్లా చెప్పినావని. "రెండోదంటే ముందరిది ఏమాయెనంటారు. ఫిట్సు అంటే కర్నూలు పెద్దాసుపత్రికి పొమ్మంటారు. కర్నూలుకు నువ్వు పోతే పత్తి ఎవురు తీస్తారు, మీ నాయనా?"

డిసెంబరు 11, మధ్యాహ్నం

చేనికి పోతున్నానని చెప్పి నందవరంలో ఎమ్మిగనూరు ఆటో ఎక్కాను. ఒక్కదాన్నే ఎప్పుడూ ఎక్కలేదు. తల పగిలిపోతోంది. కళ్ల ముందు మిణుగురులు. పోయినేడు కూడా ఇట్లాగే మొదలైంది.

సిస్టర్ ముందు నిలబడి కార్డు అటూ ఇటూ తిప్పుతున్నాను. వెనకామె, "సెప్పన్నా సెప్పు, జరగన్నా జరుగు" అని వీపు మీద పొడిచింది. చెప్పాను. ఇది రెండోది. ముందు ఒక పాప ఉండె. మూడు దినాలు. ఫిట్స్ సంగతి కూడా చెప్పాను.

తిడుతుందనుకున్నాను. పెన్ను ఆపి, పాప నీ పోలికా, వాళ్ల నాయన పోలికా అని అడిగింది. ఈ ఏడాదిలో నన్నెవరూ ఆ మాట అడగలేదు. నా పోలికే అన్నాను.

కార్డులో మొదటి కాన్పన్నది కొట్టేసి, పాప సంగతి, ఫిట్స్ సంగతి రాసింది. బీపీ చూసింది. ఇంటికి పోవద్దంది. అంబులెన్సుకు ఫోన్ చేస్తోంది. ఇది బెంచీ మీద కూర్చుని రాస్తున్నాను.

డిసెంబరు 13, కర్నూలు

మా ఆయన వచ్చాడు. ఇంటి పరువు తీశానన్నాడు. తర్వాత కార్డు చదివాడు. చాలాసేపు చదివాడు. పాప గురించి ఉన్నది రెండు వరుసలే.

జనవరి 8

ఆడపిల్ల. రెండు కిలోలు కూడా లేదు. అద్దాల పెట్టెలో పెట్టారు. బతుకుతుందన్నారు.

అత్త చూసి, తొలిచూలే ఆడపిల్లాయెనని మూతి తిప్పింది. నేను అద్దం మీద చెయ్యి పెట్టి, చిన్నమ్మీ అని పిలిచాను.

"చిన్నదేంది? పెద్దది యాడుంది?"

కోడుమూరులో, మట్టిలో అన్నాను. వార్డులో అందరూ విన్నారు.

ఈ పుస్తకం దొరికినవాళ్లు పొయ్యిలో పెట్టేయండి. మా ఆయనకు మాత్రం ఇవ్వొద్దు, ఆ రెండు వరుసలకే అంతసేపు పట్టింది.