తోడేళ్లు కనబడని రోజు

డులూత్, ఫిబ్రవరి 9

నాన్నా, క్షేమంగా చేరాను, వేళ్లేవీ గడ్డకట్టలేదు.

తోడేళ్ల లెక్క తీసే మాకు పెట్టిన ఈ గణాంకాల శిక్షణలో మొదటిరోజే నా పరువు పోయింది. తోడేళ్ల అడుగుజాడలు లెక్క రాసుకున్న నా పుస్తకం తిరగేసి, పాఠం చెప్పే లోర్నాగారు "ఏమ్మాయ్, జనవరి పద్నాలుగు ఖాళీగా ఉందేం? ఆ రోజు అడవికి ఎగ్గొట్టావా?" అన్నారు. నాకు ఒళ్లు మండింది. "మోకాళ్ల లోతు మంచులో పన్నెండు మైళ్లు తిరిగానండీ! ఒక్క జాడా కనబడలేదు, ఏం రాయమంటారు?" అన్నాను.

"సున్నా రాయి తల్లీ! ఖాళీగా వదిలేస్తే తోడేళ్లు లేవో, నువ్వే దుప్పటి ముసుగేసి పడుకున్నావో ఎవరికి తెలుస్తుంది?" అన్నారామె. అందరూ నవ్వారు గానీ, తీరా చూస్తే తొమ్మిదిమంది పుస్తకాల్లో అదే తప్పు.

నా ఉన్ని మేజోళ్లు మరిచిపోయాను, పంపించు. ఆవిరిస్నానాల గది పొగగొట్టం బాగుచేయించావా? ఐలీ అత్తను అడిగానని చెప్పు.

అన్నట్టు, పోయిన కార్డులో చేపల సంగతి రాశావు, కుక్క సంగతి రాశావు. నీ గుండెనొప్పి గురించి ఒక్క ముక్కా లేదు. రాకపోతే రాలేదని రాయి నాన్నా. ఖాళీని సున్నా అనుకోవడం నేను మానేశాను.

నీ కైసా