రిఫరీ కలిపిన ఏడు నిమిషాలు

శ్రీమతికి,

ఇక్కడ మేమిద్దరం బాగానే ఉన్నామనే రాసి మొదలుపెడుతున్నాను. సర్వే క్యాంపులో నీ జలుబు తగ్గిందా? నేను పంపిన మాత్రలు భోజనం తరవాతే వేసుకో. వంటింటి కుళాయి సంగతి అడిగావు, బాగు చేయించాను. పని పూర్తయిందంటూనే ప్లంబరు మళ్ళీ వస్తానన్నాడు. ఎందుకో అంతుపట్టడం లేదు. అతని మీద ఓ కన్నేసి ఉంచాను.

మన గువ్వ వాళ్ళ ఫుట్‌బాల్ మ్యాచి ఏమైందనీ అడిగావు. ఒక గోలు ముందుండి కూడా గెలవలేకపోయాం. పిల్లల ఆటలో సగానికి పాతిక నిమిషాలు. మధ్యలో ఆట ఆగితే, ఆగినంత సేపూ రిఫరీ చివర్లో కలుపుతాడు. ఎంత కలుపుతున్నాడో బోర్డు మీద చూపించరు. అతని చేతి గడియారం ఎంతంటే అంత. మనకు ఏకంగా ఏడు నిమిషాలు కలిపాడు. ఆరో నిమిషంలో అవతలివాళ్ళు గోలు కొట్టి సమం చేశారు.

నాకు మొదటినుంచీ అనుమానమే. ఆ రిఫరీ కళ్ళజోళ్ళ దుకాణంలో పనిచేస్తాడు. ఆటకు ముందు అవతలి కోచ్‌తో నవ్వుతూ మాట్లాడటం చూశాను. ఆ కోచ్ కళ్ళజోడు కొత్తది. మొదటి సగంలో ఒక్క నిమిషం కలిపినవాడికి రెండో సగంలో ఇంత ఉదారత ఎక్కణ్ణుంచి వచ్చింది? ఆట కాగానే వెళ్ళి నిలదీశాను.

"ఏ లెక్కన కలిపారండీ ఏడు?"

"ఆగినంతే కలిపానండి. ముందు మీ పాపను చూసుకోండి."

మాట దాటేస్తున్నాడనుకున్నాను. తల్లిదండ్రుల చేత సంతకాలు పెట్టించి ఆటల సంఘానికి ఫిర్యాదిచ్చాను. నిన్న మా ఇద్దర్నీ పిలిచారు. ఆయన జేబులోంచి చిన్న కార్డు తీసి బల్ల మీద పెట్టాడు. ఆట ఆగినప్పుడల్లా పెన్సిల్‌తో రాసుకున్నాడు. ఆటగాళ్ళ మార్పు, ఒక నిమిషం. గోల్‌కీపర్ పడిపోవడం, రెండు. మళ్ళీ గోల్‌కీపరే, నాలుగు.

ఆ గోల్‌కీపర్ మన గువ్వే.

ఇక దాచలేను. దాని ఉత్తరంలో అక్షరాలు వంకరపోయాయేమని అడిగావు కదా. ఎడమచేత్తో రాసింది. కుడి మణికట్టు ఎముక చిట్లింది. ఆరు వారాలు కట్టుతో ఉండాలన్నారు.

మందుల షాపువాణ్ణని ప్రథమచికిత్స సంచీ నాకే అప్పగించారు. విరామంలో నేనే దానికి చెప్పాను: "బంతి దొరికాక కాలు పట్టుకుని కూలబడు, కాస్త టైము గడిచిపోతుంది. నేను మెల్లగా వస్తా." మొదటిసారి అలాగే చేసింది. రెండోసారి అవతలి పిల్ల పరిగెత్తుకొచ్చి గుద్దుకుంది. గువ్వ గట్టిగా అరిచింది. అప్పుడూ నేను తీరిగ్గా నడుచుకుంటూనే వెళ్ళాను. వంగి చెవిలో, "భలే చేస్తున్నావే, ఇంకాసేపు పడుకో," అన్నాను.

"నాన్నా, నిజంగానే నొప్పి."

అదీ నటనే అనుకుని నవ్వాను. రిఫరీ మోకాళ్ళ మీద కూర్చుని, "వేళ్ళు కదుపమ్మా," అని చూసి, దాన్ని బయటికి తీసుకెళ్ళమన్నాడు. మన గోల్‌కీపర్‌ను కావాలనే తప్పిస్తున్నాడని గొడవకు దిగాను. ఆ నాలుగు నిమిషాల్లో సగం నా గొడవే. ఆట అయ్యాక కూడా దాన్ని బెంచీ మీద వదిలేసి ఆయన వెంటపడ్డాను. తిరిగొచ్చేసరికి చెయ్యి ఉబ్బిపోయి ఉంది.

నిన్న అందరి ముందూ ఇదంతా చెప్పి ఫిర్యాదు వెనక్కి తీసుకున్నాను. రిఫరీ "పాపకెలా ఉంది?" అని మాత్రం అడిగాడు.

ఇంటికొచ్చి గువ్వతోనూ తప్పు నాదేనన్నాను. "ఊఁ" అంది. ఈ పొద్దున నొప్పిగా ఉందా అంటే లేదంది. జడ వేసుకోబోతూ పెదవి కొరుక్కోవడం నా కంటబడింది. మళ్ళీ అడిగాను. లేదనే అంది. ఇదివరకు వేలు కాస్త గీసుకున్నా నా దగ్గరికే పరిగెత్తుకొచ్చేది. ఇప్పుడు లేదంటే నేను నమ్మలేను, ఉందని నాతో అది చెప్పదు. నువ్వడిగితే చెబుతుంది. నాలుగు రోజులు సెలవు పెట్టి రా.

ఇట్లు,
గువ్వ నాన్న